వంటయింట దొరకిన శాస్త్రము

మొన్న మా పొరుగింటి యిల్లాలు వచ్చి, తన కుమార్తెకు సంస్కృతపాఠము మాన్పించితినని చెప్పెను. ఇంటర్మీడియటు చదువుచున్న యా బాలికకు సాయంకాలము పాఠము చెప్పువారు పురుషులే యగుటచే తండ్రి సమ్మతింపలేదట. "పరీక్ష తప్పినను తప్పనిండు వదినా, మాట పడలేము గదా!" యని యామె నిట్టూర్చెను. ఆమెకు మేము చెప్పిన వృత్తాంతమునే యీ మాసమున మీకును విన్నవించుచున్నాము.

స్పానిషుభాషలో కవిత్వము చెప్పిన స్త్రీలలో నగ్రగణ్య సోర్ హువానా ఇనేస్ దె లా క్రూస్. ఈమె 17వ శతాబ్దమున మెక్సికోదేశమందలి నెపాంత్లా గ్రామమున జన్మించెను. మూడేండ్ల ప్రాయమున నక్క వెంట బడికి పోయి, తనకును చదువు చెప్పుమని తల్లి యాజ్ఞాపించెనని గురువమ్మతో బొంకెనట! గురువమ్మ నమ్మకపోయినను ముచ్చటపడి చెప్పెను. ఆఱేడేండ్లప్పుడు, రాజధానిలో విశ్వవిద్యాలయము కలదని విని, మగవేషము వేసి తన్నచటికి పంపుమని తల్లిని వేధించెను. తల్లి యంగీకరింపలేదు. అంతట తాతగారి గ్రంథములనే, దండనలకు వెఱవక, చదువుకొనెను. లాటిను నేర్చునపుడు కురులు కత్తిరించుకొని, అవి పెరుగులోపల ననుకొన్న పాఠము రాకున్న మరల కత్తిరించుకొనెడిది. విద్య లేని శిరస్సునకు కేశాలంకార మేల యని యామె తలంపు.

వివాహమం దిచ్ఛ లేక, 1669లో మెక్సికో నగరమందలి సాన్ హెరోనిమో మఠమున సన్యసించెను. 1690లో ప్యూబ్లా బిషప్పు ఆమె వ్రాసిన మతవిమర్శ నొకదానిని అచ్చువేయించి, దానితోడనే "సోర్ ఫిలోతియా" యను స్త్రీపేరు పెట్టుకొని, లౌకికవిద్యలు తగ్గించి దైవచింతన చేయుమని యామెకు లేఖ వ్రాసెను. 1691లో ఆమె యిచ్చిన ప్రత్యుత్తరము నేటికిని లోకము చదువుచున్నది.

ఒకప్పుడు మఠాధికారిణి పుస్తకములు ముట్టవలదన్న మూడుమాసములును తా నెట్లు గడపినదియు నామె యందు తెలిపెను. పుస్తకము లేకున్న నేమి, కంటబడిన ప్రతివస్తువును చదువయ్యెను. గ్రుడ్డు నూనెలో గట్టిపడుననియు, చక్కెరపాకమున ముక్కలగుననియు వంటయింట గ్రహించెను. అరిస్టాటిలు వంట చేసియుండినచో నింకను నెక్కువ వ్రాసియుండునని చమత్కరించెను. మా యింట గ్రుడ్లు వండరుగాని, అరిసెలపాకమును చుక్క నీట వేసి, ఉండకట్టినది లేనిది చూచు ప్రతి సోదరియు నీ మాటలోని సత్యమెఱుగును.

అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి. తమ దేశపు తండ్రులు కూతుండ్రను పురుషగురువుల కప్పగింప నొల్లక చదువు లేకయే యుంచుచున్నారనియు, విద్యావతులగు పెద్ద స్త్రీలే బాలికలకు చెప్పిన నీ నష్టము తీరుననియు నామె వాదించెను. పురుషగురువులందు దోషమున్నదని మా యభిప్రాయము కాదు. మా యింటివారును ఉపాధ్యాయులే. కాని తండ్రి మనసు మాఱువఱకు బాలిక చదువాగవలెనా?

హువానా తుదకు 1694లో పశ్చాత్తాపపత్రముల సంతకము చేసెను. 1695 ఏప్రిలు 17వ తేదీన, మఠమున ప్రబలిన మహమ్మారిచే పీడింపబడిన తోడి సన్యాసినులకు పరిచర్య చేయుచు తానును దానికే బలియయ్యెను. లోకము మాత్ర మామెను విడువలేదు. అర్జెంటీనా దేశపు దర్శకురాలు మరియా లూయిసా బెంబెర్గు 1990లో ఈమె చరిత్రమును చలనచిత్రముగ తీసెను. 2016లో మెక్సికోవారు టెలివిజనునందు ధారావాహికగా చూపిరి. 2020లో 100 పెసోల నోటుపై నామె ముఖమును ముద్రించిరి. నాడు చదువు తగ్గించుకొమ్మన్న బిషప్పును నేడు లోకము తలచుట యీమె మూలముననే!

ఇది విని పొరుగింటి వదిన కొంతసేపు మౌనము వహించి, "అయితే మీరే చెప్పరాదా?" యనెను. మేము బడికి పోయి చదివినవారము కాము. తండ్రిగారియొద్ద పంచకావ్యములు చదివితిమి, అంతియే. జంకుచునే యొప్పుకొంటిమి. మఱునాటి సాయంకాలము ఆ బాలిక శబ్దమంజరితో మా వీధియరుగుపై కూర్చుండెను.

సోదరీమణులారా! మీలో నొకరికి లెక్కలు, ఒకరికి సంగీతము, ఒకరికి కుట్టుపని వచ్చును. చదువాగిపోయిన బాలిక మీ వీధిలోను నొకతె యుండవచ్చును. మీ యరుగున నామెకు కొంచెము చోటీయరా?