షియా వెన్న, ఇప్పనూనె, మన చర్మం

శీతకాలం ప్రవేశించినదంటే మన నందికొట్కూరు సీమలో చర్మానికి పరీక్షాకాలం ప్రారంభమైనట్లే. మార్గశిర, పుష్య మాసాలలో గాలిలోని తేమ తగ్గి పెదవులు చిట్లుతాయి, మడమలు పగులుతాయి, మోచేతుల వద్ద చర్మం బూడిద పూసినట్లు తెల్లబారుతుంది. కె.సి. కాలువ కింద వరిమడులలో దిగి పనిచేసే స్త్రీల పాదాలను చూచినవారికి దీనిని వర్ణించి చెప్పనక్కరలేదు. ఈ బాధకు నివారణగా నేడు అంగళ్లలో వరుసలు తీరిన డబ్బాలలో కొత్తగా వచ్చి చేరినది షియా వెన్న. అది సహజమైనదనీ, చవకైనదనీ ప్రకటనలు చాటుతున్నాయి. సహజమైనదనుటలో సందేహం లేదు. చవకైనదన్న మాటకు మాత్రం ఎవరికి, ఎక్కడ అని ప్రశ్నించుకోవలసి ఉన్నది.

ఇబ్న్ బతూతా పేరు మన ఉర్దూ విద్యార్థులకు కొత్త కాదు. ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువున ఖాజీగా ఉండిన ఆ మొరాకో యాత్రికుడు 1352లో సహారా ఎడారిని దాటి మాలీ రాజ్యానికి వెళ్లాడు. అక్కడి ప్రజలు ఒక చెట్టు గింజలనుండి నూనె తీసి దానితో వంట చేసికొంటారనీ, దీపాలు వెలిగిస్తారనీ, ఒంటికి పూసికొంటారనీ, మట్టిలో కలిపి ఇండ్లకు మెత్తుతారనీ తన యాత్రాగ్రంథంలో తెలిపాడు. ఆ చెట్టు షియాయేనని పండితులు గుర్తించారు. సెనెగల్ మొదలు ఉగాండా వరకు వ్యాపించిన మెట్టభూములలో ఆ చెట్టు నేటికీ పెరుగుతున్నది. నాటిన పిదప కాపుకు రావడానికి దాదాపు 15, 20 సంవత్సరాలు పడుతుంది. రాలిన కాయలను ఏరి, గింజలను ఉడికించి, ఎండబెట్టి, పగులగొట్టి, వేయించి, నూరి, నీళ్లు పోసి చేతులతో గంటల తరబడి పిసికి వెన్న తీసేవారు స్త్రీలే. మజ్జిగ చిలికే మన తల్లులకు ఆ శ్రమ సులభంగా అర్థమవుతుంది. ఘానాలోని పల్లెటూరి స్త్రీకి అది నిజంగా చవకైన లేపనమే. చెట్టు పొలంలో ఉన్నది, శ్రమ ఆమెదే. సముద్రాలు దాటి మన అంగడికి చేరేసరికి 100 గ్రాముల డబ్బాకు పలికే ధరతో ఇక్కడ ఒక లీటరు వంటనూనె వస్తుంది. ఎగుమతి అయ్యే షియాలో అధికభాగం చాక్లెట్లు మొదలైన తినుబండారాల తయారీకే పోతుందనుట చాలమందికి తెలియని విషయం.

ఇక మన సంగతి చూద్దాం. వృక్షశాస్త్రం షియాను సపోటా కుటుంబంలో చేర్చినది. నల్లమలలోని ఇప్పచెట్టు కూడా ఆ కుటుంబానిదే. ఉర్దూలో మహువా అనేది దీనినే. ఆత్మకూరు దాటి శ్రీశైలం దిక్కుగా పోయేవారికి ఈ చెట్లు కనిపిస్తాయి. కాని ఇప్ప అనగానే మనకు సారా తప్ప మరొకటి స్ఫురించదు. పువ్వుకు పట్టిన అపకీర్తి గింజకు అంటుకొన్నది! ఆ గింజపప్పులో దాదాపు సగం నూనెయే. షియాలోను, ఇప్పలోను ఒలీయిక్, స్టియరిక్ ఆమ్లాలు ప్రధానం. ఇప్పలో పామిటిక్ ఆమ్లం కూడా గణనీయంగా ఉంటుంది. అందువలననే ఇప్పనూనె చలికాలంలో నేతివలె పేరుకొని ఎండాకాలంలో కరుగుతుంది. అడవిబిడ్డలు దీనిని దీపానికీ, వంటకూ, పగిలిన చర్మానికీ తరతరాలుగా వాడుతున్నారు. అటవీ ఫలసాయాన్ని కొనడానికి 1956లోనే విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. 2013-14లో కేంద్రప్రభుత్వం అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకాన్ని ఆరంభించినప్పుడు ఇప్పగింజను కూడా అందులో చేర్చినది. సంస్థ ఉన్నది, పథకం ఉన్నది. కొని వాడవలసిన మనమే ఆ చెట్టును మరచి, దాని దూరపు బంధువును ఆఫ్రికానుండి తెప్పించుకొంటున్నాము.

ఏ లేపనమైనా చర్మానికి చేసే మేలేమిటో తెలిసికొంటే ఈ మోజు కొంత తగ్గుతుంది. చర్మపు పైపొరలో కణాలు ఇటుకల వలెను, వాటి నడుమ కొవ్వుపదార్థం సున్నం వలెను అమరి ఉంటాయి. సబ్బు, వేడినీరు, పొడిగాలి ఆ సున్నాన్ని కరిగించగా లోపలి నీరు ఆవిరైపోతుంది. లేపనం ఆ నీటిని పోనీయక అడ్డుకొంటుంది, గరుకుదనాన్ని మెత్తబరుస్తుంది. అంతే. అది చర్మానికి ఆహారం కాదు, యౌవనాన్ని తిరిగి తెచ్చేదీ కాదు. 1872లో అమెరికాలో పేటెంటు పొందిన వాజలీన్ పెట్రోలియం నుండి పుట్టినది. సహజమను బిరుదు దానికి లేదు. అయినను నీటిని నిలుపుటలో దానిని మించినవి అరుదు, ధర కూడ స్వల్పమే. కనుక సహజమైనదల్లా శ్రేష్ఠమని భ్రమపడరాదు. ఆలివ్ నూనె చర్మపు రక్షణపొరను బలహీనపరుస్తుందని పరిశోధనలలో తేలినది.

అడవి వరకు పోలేనివారికి మన నల్లరేగడి నేలలే మరొక నూనెను ఇచ్చాయి. అది పొద్దుతిరుగుడు నూనె. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఈ పంటపై పరిశోధన జరిగి సంకర రకాలు వెలువడినవి. దీనిలో అధికంగా ఉండే లినోలీక్ ఆమ్లం చర్మం తన రక్షణపొరను నిర్మించుకొనడానికి అవసరమైన పదార్థం. ఢాకాలోని పిల్లల ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన శిశువుల ఒంటికి ఈ నూనె రాయగా, ఆసుపత్రిలో సోకే అంటువ్యాధులు వారిలో తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించినది. పసికందు సుకుమార చర్మానికి పనికివచ్చిన నూనె మన మడమలకు తక్కువైపోదు గదా! మన జిల్లా పొలాలలో శనగ విస్తరించి పొద్దుతిరుగుడు వెనుకబడినది. దేశానికి కావలసిన ఈ నూనెలో అధికభాగం విదేశాలనుండి వస్తున్నది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం రాగానే మన వంటింటిలో దీని ధర పెరగడం అందరికీ అనుభవమే. అయినా ఒంటికి కావలసినది రోజుకు రెండు చెంచాలే.

నూనె ఏదైనా వాడే వేళ ముఖ్యం. పొడిచర్మంపై ఎంత రుద్దినా ప్రయోజనం స్వల్పం. స్నానమైన వెంటనే ఒళ్లు పైపైన అద్దుకొని, తడి ఇంకా ఆరకముందే పలుచగా రాయాలి. రోజుకు ఐదుమార్లు వుజూ చేసే మన విద్యార్థులకు చేతులు, పాదాలు త్వరగా పొడిబారుట సహజం. వుజూ ముగిసిన మరుక్షణమే అందుకు తగిన సమయం కూడ. మొటిమలున్న ముఖానికి చిక్కని కొవ్వులు తగవు. ఇప్పనూనెను తొలిసారి వాడేవారు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక దినం వేచి చూడాలి. దురద, చీము, పొక్కులున్నచోట వైద్యుని చూడవలసినదే. గజ్జికి ఏ వెన్నా మందు కాదు.

ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. పొడిచర్మం మిషతో లేపనం కొనబోయిన విద్యార్థిని, తరచుగా తెల్లబరచే క్రీముతో తిరిగివస్తున్నది. చర్మానికి కావలసినది తేమ. అమ్మేవాడు అంటగట్టేది రంగు. ఈ క్రీములలో కొన్నింట పాదరసం, కొన్నింట స్టెరాయిడ్లు ఉంటాయి. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో ఇట్టి క్రీములు వాడినవారికి మూత్రపిండాల వ్యాధి వచ్చినట్లు వైద్యులు గుర్తించారు. స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్రం ఆదేశించినా అవి చేతికి చేతికి మారుతూనే ఉన్నాయి. పెండ్లిచూపులలో పిల్ల రంగును తూచే పెద్దలమే ఈ వ్యాపారానికి పెట్టుబడి పెడుతున్నామని చెప్పుటకు సంకోచించను.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. డిసెంబరు నెల రాగానే వసతిగృహ విద్యార్థులకు నెలకు ఒక చిన్న సీసా నూనె ఇప్పించుట పెద్ద వ్యయం కాదు. గిరిజన సహకార సంస్థకు వ్రాసి ఇప్పనూనె గాని, గింజలు గాని తెప్పించిన యెడల రసాయనశాస్త్ర విద్యార్థులకు మంచి ప్రయోగం కూడ లభిస్తుంది. పాతగింజల నుండి తీసిన నూనె కనరు వాసన వేస్తుంది గనుక పంచిపెట్టుటకు ముందు దాని ఆమ్ల విలువ కొలవాలి. అందుకు బ్యూరెట్టు, ఆల్కహాలు, పొటాషియం హైడ్రాక్సైడు, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ చాలు. అవి ప్రయోగశాల బీరువాలో ఉన్నవే.