పదునారు వారముల యూరట



బాల్యమున తగిలిన దెబ్బ నడివయస్సున బాధించుచుండగా, మానసిక చికిత్సకులు "16 వారములు వచ్చి మాటలాడుడు" అనినచో, ముప్పదియేండ్ల దుఃఖము నాలుగు నెలల మాటలతో తీరునా యను సందేహము ఎవరికైనను కలుగును. ఆ సందేహమును గూర్చియే ఈ మాసమున ముచ్చటింప దలచితిమి.

ఇట్టి చికిత్సకు ఆధారమైన భావములలో ముఖ్యమైనది జాన్ బౌల్బీ యను ఆంగ్ల వైద్యునిది. ఆయన 1907లో లండనులో జన్మించెను. నాటి కలవారి యిండ్ల ఆచారము చొప్పున ఆయనను పెంచినది దాది. ఆయనకు సుమారు నాలుగేండ్లప్పుడు ఆమె కొలువు విడిచి వెళ్లెను. ఆ యెడబాటును ఆయన పెద్దయైన పిదపను మరువలేదు.

ఆసరా కోరుట ఆకలిదప్పులవలె పుట్టుకతో వచ్చిన గుణమని ఆయన 1969 మొదలు 1980 వరకు వెలువడిన మూడు సంపుటములలో వివరించెను. బిడ్డ తల్లి కొంగు పట్టుకొనుట పాలకొరకే కాదు. నాలుగడుగులు దూరము పోయి, వెనుకకు తిరిగి, తల్లి యున్నదని చూచుకొని, మరల ఆటకు పోవును. పిలిచినపుడు పలుకువారు లేని బిడ్డ పిలుచుట మానుకొనును. లేదా యెడతెగక పిలుచుచుండును. ఈ యలవాటు పెరిగి పెద్దదై అత్తవారింటికిని వచ్చును. ఒకామె జ్వరముతో వణకుచున్నను ఎవరికిని చెప్పదు. మరియొకామె భర్త రాక గంటసేపు ఆలస్యమైనచో ముద్ద ముట్టదు. లోకము ఒకతెను మొండిదనును, ఒకతెను అనుమానపు మనిషియనును. ఇరువురును కోరునది మాత్రము ఒక్కటియే.

ఇందు తప్పంతయు తల్లిదేయని తలపరాదు. ఎవరు ఆదరించిన వారినే బిడ్డ అంటిపెట్టుకొనును. మేనక విడిచిపోయిన శకుంతలకు కణ్వమహర్షి తండ్రి యయ్యెను గదా! అదియును గాక, బాల్యము నుదుటివ్రాత కాదు. అమెరికాలో మేరీ మెయిన్ మొదలగువారు పెద్దలను వారి బాల్యమును గూర్చి ప్రశ్నించి, 1985లో తమ పరిశోధనను ప్రకటించిరి. ఆ బాల్యము సుఖమయమా, కష్టమయమా యనుటకన్న, దానిని దాచక, అందు మునిగిపోక, పొందికగా చెప్పగలుగుటయే వారి బిడ్డల నెమ్మదికి ముఖ్యమని తేలెను. జరిగినది మారదు, దానిని చెప్పుకొను తీరు మారును. చికిత్సకు చోటు అచ్చటనే కలదు.

జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ అను అమెరికనులు తోటివారితోడి సంబంధములను చక్కదిద్దు చికిత్స నొకదానిని రూపొందించి, 1984లో గ్రంథముగా ప్రకటించిరి. అది బౌల్బీ భావములను గైకొన్నది. వారమున కొక పర్యాయము, 12 మొదలు 16 వారములు సాగును. గతమంతయు త్రవ్వరు. ఆప్తుల మరణము, ఇంటివారితో కలహము, జీవితమున మార్పు, ఒంటరితనము - వీనిలో ఒకటి రెంటిని మాత్రము ఎంచుకొందురు. "కష్టము కలిగినపుడు ఎవరితో చెప్పుకొందురు?" అని తొలి దినములలోనే అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు దొరకక కన్నీరు పెట్టుకొనువారు కలరు.

చికిత్స యెన్నడు ముగియునో మొదటనే తెలుపుదురు. కడపటి వారములలో వీడ్కోలును గూర్చియే మాటలాడుదురు. చెప్పకుండ విడిచిపోయినవారి మూలమున నొచ్చిన మనస్సునకు, ముందుగా చెప్పి, దుఃఖపడనిచ్చి, గౌరవముతో సెలవు తీసికొనుట క్రొత్త యనుభవము. కావున గడువు చికిత్సకు లోపము కాదు. మందులో ఒక పాలు.

బౌల్బీతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1954-55లో ఉగాండాదేశమున కంపాలా చెంత పల్లెలలో తల్లులను, బిడ్డలను పరిశీలించెను. అదే దేశపు 30 పల్లెలలో 2002లో ఈ చికిత్సను పరీక్షించిరి. రెండు వారముల శిక్షణ పొందిన స్థానికులే 16 వారములు బృందములను నడపిరి. చికిత్స పొందినవారికి దిగులు మిక్కిలి తగ్గినదని 2003లో ప్రకటించిరి.

అందరికిని ఇంతమాత్రము చాలదు. కొందరికి దీర్ఘకాలమును, ఔషధములును కావలయును. చావుమాట వినవచ్చినచో వారములు లెక్కింపక వెంటనే సాయము కోరవలెను. ప్రభుత్వమువారి టెలి-మానస్ 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును.

మీ యింట నెవరైన ఇట్టి చికిత్సకు పోవుచున్నచో, ఆ గంటసేపు పనులు మీరందుకొనుడు. అచ్చట ఏమి చెప్పితివని గ్రుచ్చి యడుగకుడు. ఆమె పిలిచినపుడు పలుకుడు. పదునారు వారములు ముగిసిన మరునాడును పలుకవలసినవారు మీరే గదా!