ముందు సీటులో కూర్చున్న ఆమె మాటేమిటి?

ఆ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం హైదరాబాదులో ఆటోలు, కార్లు నడుపుకునే ఆడవాళ్లతో కూర్చున్నాను. పన్నెండు మంది వచ్చారు. అందులో తొమ్మిది మందివి ఆటోలే. అందరూ ఫోనులో యాప్ ద్వారా వచ్చే బుకింగుల మీద బతుకుతున్నవాళ్లు. “రోడ్డు మీద మీకు దేనికి భయం?” అని అడిగాను. ట్రాఫిక్ అంటారు, చలాన్లు అంటారు అనుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక చెల్లెలు నోరు విప్పింది.

“అక్కా, బుక్ చేసినాయనకు నా పేరు తెలుసు, నా ఫొటో తెలుసు, నా బండి నంబరు తెలుసు. ఆయనెవరో నాకు తెల్వదు. ఫోన్ల ఒక పేరు వస్తది. అది ఆయన పేరో కాదో కూడ తెల్వదు.”

ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ప్రయాణాల్లో స్త్రీల భద్రత గురించి మనం ఎన్ని సభలు పెట్టలేదు! ఎన్ని వినతిపత్రాలు ఇవ్వలేదు! కానీ మాట్లాడినంతసేపూ వెనక సీటులో కూర్చున్న స్త్రీ గురించే మాట్లాడాం. ముందు సీటులో కూర్చుని బండి నడిపే స్త్రీ మన లెక్కలోకి రాలేదు. ఈ తప్పులో నాకూ వాటా ఉంది.

చట్టాలూ అలాగే తయారయ్యాయి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత దేశమంతా రోడ్డెక్కింది. 2013లో నేర చట్టాలను సవరించారు. ఆ తర్వాత ప్రయాణికులను ఎక్కించుకునే వాహనాల్లో బండి ఎక్కడుందో తెలిపే పరికరం, ఆపదలో నొక్కే బటన్ ఉండాలని మోటారు వాహనాల నియమాల్లో చేర్చారు. మంచిదే. అయితే ఆ నియమం నుంచి రెండు చక్రాల, మూడు చక్రాల బండ్లనూ ఈ-రిక్షాలనూ మినహాయించారు. అంటే ఆ రోజు నా ఎదుట కూర్చున్న పన్నెండు మందిలో తొమ్మిది మంది బండ్లకు ఆ బటన్ వర్తించదు.

వాళ్లు చెప్పిన విషయాలు వినండి. ఒకామె ఆటోలో వెనక కూర్చున్నవాడు ఫోనులో బూతు వీడియో గట్టిగా పెట్టుకుని, ఆమె అద్దంలో చూస్తుందా లేదా అని దారి పొడుగునా గమనించాడట. ఇంకొకామెను రాత్రి పదకొండు గంటలకు “ఇటు కాదు, అటు పోనియ్యి” అంటూ ఊరి చివరకు తీసుకుపోయాడు. పెట్రోలు బంకు కనబడగానే బండి అందులోకి తిప్పి, దిగి, కేకలేసి బయటపడింది. మరొకామె డబ్బు పంపడానికి తన ఫోన్ నంబరు ఇచ్చింది. ఆ రాత్రి నుంచే మెసేజీలు మొదలయ్యాయి.

మోసాల సంగతి సరేసరి. డబ్బు పంపినట్టు ఫొటో చూపించి దిగిపోతారు, ఖాతాలో పైసా పడదు. “పొరపాటున ఎక్కువ పంపాను, తిరిగి పంపమ్మా” అని దొంగ మెసేజీ చూపిస్తారు. “బుకింగ్ రద్దు చెయ్యి, పైన యాభై ఇస్తా” అంటారు. రద్దు చేసిన క్షణం నుంచి ఆ ప్రయాణానికి రికార్డు ఉండదు. జరగరానిది జరిగితే, బండిలో అతను ఉన్నాడని చూపడానికి ఆధారం దొరకడమే కష్టం.

ఒక సోదరికి కంపెనీ ఆఫీసు నుంచి అంటూ ఫోను వచ్చింది. “మీ మీద కంప్లైంటు ఉంది, మీ ఐడీ బ్లాక్ అవుతుంది, ఓటీపీ చెప్పండి” అన్నారు. చెప్పింది. వారం రోజుల సంపాదన, నాలుగు వేల రెండు వందలు, పోయింది. ఇంట్లో అందరూ ఆమెకు తెలివి లేదన్నారు. ఆమె నాతో అన్నది ఒక్కటే: “ఐడీ పోతే రేపు కిస్తీ ఎట్ల కట్టాలె అక్కా?”

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఆ దొంగ వాడుకున్న భయం అతను పుట్టించింది కాదు. ఆ భయం ఆమెకు రోజూ ఉన్నదే. బూతు వీడియో పెట్టినవాణ్ణి మధ్యలో ఎందుకు దించలేదని అడిగితే, రేటింగు పడిపోతుందని చెప్పింది. ఊరి చివరకు తీసుకుపోయినవాడి మీద ఫిర్యాదు ఎందుకు చెయ్యలేదంటే, వాడూ ఎదురు ఫిర్యాదు పెడితే ముందు ఆగిపోయేది తన ఐడీయే అంది. వేధించేవాడికీ మోసం చేసేవాడికీ పెట్టుబడి ఒక్కటే, ఆమెకు పని పోతుందన్న భయం. ఈ భయాన్ని తొలగించకుండా “జాగ్రత్తగా ఉండండమ్మా” అని చెప్పి చేతులు దులుపుకుంటే లాభమేముంది?

కంపెనీలు ఈమెను ఉద్యోగి అనవు, ‘భాగస్వామి’ అంటాయి. భాగస్వామి అయితే నిర్ణయాల్లో భాగమేది? 1992లో రాజస్థాన్‌లో బాల్య వివాహాన్ని ఆపబోయినందుకు సాథిన్ కార్యకర్త భన్వరీదేవిపై అత్యాచారం జరిగింది. ఆమె పని చేసింది ఊళ్లో, వీధుల్లో. ఆమె కోసం మహిళా సంఘాలు చేసిన పోరాటం నుంచే 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. పని స్థలానికి వచ్చిపోయే వ్యక్తుల నుంచి కూడా స్త్రీకి రక్షణ కల్పించడం యజమాని బాధ్యత అని ఆ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. మరి బండి నడిపే స్త్రీకి రోడ్డే పని స్థలం. ఎక్కే ప్రయాణికుడే అక్కడికి వచ్చిపోయే వ్యక్తి. యజమాని ఎవరు అన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ పలకడం లేదు.

కొంత కదలిక లేకపోలేదు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అందులో ప్లాట్‌ఫామ్ కార్మికులకు గుర్తింపు ఉంది. 2025 జూలైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు డ్రైవరుకు 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల జీవిత బీమా ఉండాలన్నాయి. 2025 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం గిగ్ కార్మికుల కోసం ముసాయిదా బిల్లు ప్రకటించింది. బీమా కావాలి. కాని బీమా దెబ్బ తగిలాక వచ్చేది. దెబ్బ తగలకుండా చూసే బాధ్యత ఎవరిది?

మనం అడగవలసినవి ఇవి. ప్రయాణికుడి గుర్తింపును కూడా కంపెనీ సరిచూడాలి. భయపడి ప్రయాణం మధ్యలో ఆపిన స్త్రీకి జరిమానా, రేటింగు కోత ఉండకూడదు. ఆమె వాదన వినకుండా ఐడీ ఆపకూడదు. డ్రైవరు ఫిర్యాదును కంపెనీ అంతర్గత కమిటీ తీసుకోవాలి. ఆపద బటన్ ఆటోలకూ రావాలి. రాత్రిపూట వెలుతురు, మరుగుదొడ్డి ఉన్న స్టాండ్లు కావాలి.

ఇవి వచ్చేదాకా ఆ పన్నెండు మంది ఒకరికొకరు చెప్పుకున్న మాటలు మీ ప్రాంతంలోని సోదరీమణులకూ చేర్చండి. డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ లేదు. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పవద్దు. ఎదుటివారి ఫోనులో ఫొటో కాదు, మన ఖాతాలో పడిందా లేదా చూసుకోవాలి. ఫోన్ నంబరు లేని యూపీఐ ఐడీతో క్యూఆర్ కోడ్ పెట్టుకోవాలి. బుకింగ్ రద్దు చేసి బేరం మాట్లాడకూడదు. మోసం జరిగితే వెంటనే 1930కి, ఆపదలో 112కి ఫోను చెయ్యాలి. వెంటపడటం, లైంగిక వేధింపు భారతీయ న్యాయ సంహిత కింద నేరాలు. ఏ పోలీసు స్టేషనుకు వెళ్లినా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. ఆమెతో పాటు మనలో ఒకరు వెళ్లాలి, ఒంటరిగా పంపవద్దు.

ఆ రోజు లేచేముందు పెట్రోలు బంకు సంగతి చెప్పినామెను అడిగాను, ఇంట్లో చెప్పావా అని. తల అడ్డంగా ఊపింది. “చెప్తె బండి అమ్మెయ్యమంటరు అక్కా. ఇది నా పేరు మీదున్న మొదటి వస్తువు.”

ఆ బండి ఆమె చేతుల్లోనే ఉండాలి. మన ప్రయత్నమంతా అందుకే.