సైటు బరువు ఎవరు మోయాలి?

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి రోజంటే మన హాస్టల్లో ఎవరికీ అన్నం సహించదు. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఎక్కడ చదివినా మాకు అదే అనుభవం. నెట్ సెంటర్లో తెల్ల తెర చూస్తూ గంటలు కూర్చున్నాం. నెట్ స్లో అనుకుని వచ్చేశాం.

తప్పంతా నెట్‌ది కాదని కంప్యూటర్లు చదివాక తెలిసింది. పేజీ పైన పెద్దల ఫొటోలను కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టే ఎక్కిస్తారు. తపాలా బిళ్ళంత బొమ్మకు మన ఫోను మెగాబైట్లు దించుకోవాలి!

2010లో గూగుల్ అపాచీ సర్వర్ల కోసం మోడ్ పేజ్‌స్పీడ్ అనే మాడ్యూల్‌ను ఉచితంగా విడుదల చేసింది. పేజీ సర్వర్ నుంచి బయలుదేరే ముందే బొమ్మలను కుదించడం, కోడ్‌లో అక్కరలేని ఖాళీలు తీసేయడం, చిన్న ఫైళ్ళను కలపడం దాని పని. పేజీని మళ్ళీ రాయనక్కర్లేదు. అక్షరాలను కుదించి పంపే మోడ్ డిఫ్లేట్ అపాచీలో అంతకుముందే ఉంది.

డేటాబేస్ దగ్గర రద్దీ అయితే ఇవేమీ చేయలేవు, నిజమే. కానీ ఈపాటి పని కూడా చేయకుండా "ముందే అప్లై చేసుకోవాల్సింది" అంటే ఎలా? ఆదాయ ధ్రువపత్రం మా చేతికొచ్చిందే చివరి వారంలో.

చవక ఫోన్లో సైటు తెరిచి చూపించాకే కాంట్రాక్టరుకు బిల్లు ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన హాస్టల్ అన్నలూ, అక్కలూ! అలాంటి సైటు మీ చేతికొస్తే ముందు ఆ ఫొటోల సంగతి చూడండి.