పాత కారుకు కట్టిన వెల

2022 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు బెల్లందూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతాలలో నిలిపిన కార్లు నిలిపినట్టే మునిగిన సంగతి బెంగుళూరు చదువరులు మరచి ఉండరు. పడవలూ ట్రాక్టర్లూ నడిచినవి. కొత్త కార్లవారి గోడు పత్రికలకెక్కినది గాని పాత కార్లవారి గోడు ఎవరికీ పట్టలేదు. మన సభ్యులొకరి తొమ్మిదేళ్ల చిన్న కారు ఆ నీళ్లలోనే పోయినది. ముసలి తల్లిని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి చేర్చే కారు అది. ఆఫీసు కాగితాలతో పొద్దుపుచ్చేవాళ్లము గనుక ఆయన ఫైలు మా చేతికి వచ్చినది.

ముందు పాలసీ ఏ రకమో చూడవలె. 1988 మోటారు వాహనాల చట్టము నిర్బంధించేది ఎదుటివారి నష్టానికి పూచీ మాత్రమే. పాతబండి గదా అని అంతటితో సరిపెట్టుకున్నవారికి సొంత కారు పోతే దమ్మిడీ రాదు. మన సభ్యులది పూర్తి పాలసీయే. అయినా చిక్కు తప్పలేదు.

పాలసీలో కారుకు ఒక వెల వ్రాసి ఉంటుంది. ఐ.డి.వి. అంటారు. ఆరు నెలలలోపు బండికి నూటికి 5 వంతున తరుగు మొదలై, నాలుగేళ్లు దాటిన దానికి 50 అవుతుంది. ఐదేళ్లు దాటితే పట్టిక లేదు. కంపెనీవారూ యజమానీ ఒప్పుకున్నదే వెల. ఆ ఒప్పందము జరిగేది కారు పోయిననాడు కాదు, ప్రీమియము కట్టిననాడు! ఏజెంటు వెల తగ్గించి వ్రాస్తాడు, నాలుగు వందలు మిగిలినవని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. మన సభ్యుల పాలసీలో ఉన్నది 1,40,000. అటువంటి కారే సంతలో రెండు లక్షలు దాటి పలుకుచున్నది. ఆ మాట వినేవారెవరు?

మరమ్మతు ఖర్చు ఆ వెలలో నూటికి 75 మించితే కారు పూర్తిగా పోయినట్టే లెక్క. సర్వేయరు మొదట, ఇంజనులో చేరిన నీటికి పాలసీ వర్తించదు, తక్కినది బాగుచేయించుకోవచ్చునన్నాడు. నీళ్లలో ఉన్న కారును స్టార్టు చేసి ఇంజను చెడగొట్టుకుంటే, ప్రత్యేకముగా ఇంజను పూచీ కొన్నవారికి తప్ప, కంపెనీలు ఇవ్వవు. నిజమే. కాని ఈయన తాళం ముట్టనే లేదు. డాష్‌బోర్డు దాకా నీటి చార ఉన్న ఫోటోలు, కారును లారీకెక్కించిన రసీదు జతపరచి, సర్వే రిపోర్టు నకలు ఇమ్మని వ్రాతమూలకముగా అడిగినాము. మూడు వారాలకు లెక్క మారినది. ఇంజను కలిసేసరికి 75 దాటినది.

ఇక తుక్కు. దానిని మీరే ఉంచుకోండి, 35,000 తగ్గించి ఇస్తామన్నారు కంపెనీవారు. తుక్కు వ్యాపారి అంతా ఇస్తాడట, ఆర్‌.సి. కూడా ఇస్తేనే.

"ఏమండీ, ఇనుము కొనేవాడికి ఆర్‌.సి. ఎందుకు?" అన్నది ఆయన ఇల్లాలు.

సరియైన ప్రశ్న. చచ్చిన కార్ల కాగితాలు, చాసిస్ నంబర్లు దొంగ కార్లకు తగిలించి అమ్మిన ముఠాలు ఈ దేశములో పట్టుబడినవి. రేపు పోలీసులు వచ్చేది రికార్డులో పేరున్నవారి ఇంటికే. కారు నాశనమైతే 14 రోజులలో, లేదా వీలైనంత త్వరలో, ఆర్‌.టి.ఓ.కు తెలుపవలెనని చట్టము 55వ సెక్షను. రద్దుకు అర్జీ పెట్టి, రసీదు చేతికి వచ్చిన తరువాతనే తుక్కు అప్పగించినారు. వ్యాపారి 27,000కు దిగినాడు. దిగితే దిగనీ.

తుక్కు వెల, యజమాని భరించే 1,000 పోను కంపెనీనుంచి 1,04,000 వచ్చినది. అంబుడ్స్‌మన్ దాకా పోనక్కరలేకపోయినది. పోవలసినవారు ముందు కంపెనీకి వ్రాసి నెలరోజులు చూడవలె. ఆ పైన ఏడాదిలోపల జె.పి. నగరులోని ఆఫీసులో అర్జీ ఇవ్వవచ్చు. ఫీజు లేదు, వకీలుతో పని లేదు.

రెన్యూవలు నోటీసు వచ్చినవారు ఐ.డి.వి. గడి చూచి ఏజెంటుతో ఇప్పుడే మాట్లాడండి. అర్జీ నమూనాలు కావలసినవారికి ఆదివారము ఉదయము సంఘ కార్యాలయములో ఇస్తాము.