గుండ్రటి బంతి ఏం చెబుతుంది?

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌ను, ఐర్లాండ్ గేలిక్ ఫుట్‌బాల్‌ను కలిపి అల్లిన ఇంటర్నేషనల్ రూల్స్ ఆటలో బంతి గుండ్రం, మైదానం దీర్ఘచతురస్రం. వలలో పడితే 6 పాయింట్లు, అడ్డకర్ర మీదుగా పోతే 3. కోలబంతితో పెరిగిన పదిహేడేళ్ల ఆస్ట్రేలియా కుర్రాడు ఇక్కడ గురి తప్పితే, అతని కాలిలో పస లేదని ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్ఎల్) డ్రాఫ్ట్‌ కోసం ఆటగాళ్లను వెతికేవారు తీర్మానించడం అన్యాయం. చూడాల్సింది వేరు: బంతి అందకముందే తలెత్తి చూస్తున్నాడా, చుట్టుముట్టినప్పుడు ఎటు వదులుతున్నాడు, అలసిపోయాక కూడా వెనక్కి పరుగెత్తుతున్నాడా. అలవాటు ఆదుకోని చోట ఇవి దాగవు.

గురి తప్పడమంటే పస లేకపోవడం కాదనడానికి సాక్ష్యం ఐర్లాండ్ నుంచే వచ్చింది. గుండ్రటి బంతితో పెరిగిన డబ్లిన్ యువకుడు జిమ్ స్టైన్స్ మెల్‌బోర్న్ క్లబ్‌కు ఆడి 1991లో లీగ్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే ‘బ్రౌన్‌లో’ పతకం గెలిచాడు. కెర్రీకి చెందిన టైగ్ కెన్నెలీ 2005లో సిడ్నీ జట్టుతో ఛాంపియన్ అయ్యాడు. కొత్త ఆకారపు బంతితో ఆట నేర్పితే వస్తుంది! నిలదొక్కుకోలేక తిరిగెళ్లిన ఐరిష్ ఆటగాళ్ల మాటేమిటని అడగొచ్చు. నిజమే, పైగా కుర్రాళ్లు ఆడే ఇంటర్నేషనల్ రూల్స్ మ్యాచ్‌లు ఒకటో రెండో, ఆడేది ఇంకా ఎదుగుతున్న ఒళ్లు. అందుకే దీన్ని మార్కుల పట్టీగా వాడొద్దంటున్నాను. సొంత లీగ్‌లో సీజన్ పొడుగునా గమనించినా ఇద్దరు కుర్రాళ్లలో ఎవరిని ఎంచుకోవాలన్నది తేలనప్పుడు మాత్రం ఈ మ్యాచ్ వీడియో తీసి చూడాలి, అదీ స్కోరు పక్కన పెట్టి.