పద్నాలుగేళ్లు దాటాక ఎవరి జిమ్మెదారి?

హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్న ఒక బస్తీలో పదేళ్లకు పైగా మహిళా సంఘం పని చేస్తున్నాను. రేషన్ కార్డుల గురించి, పొదుపు గురించి, తాగొచ్చి కొట్టే భర్తల గురించి ఎన్నో మీటింగులు పెట్టుకున్నాం. ఆ మీటింగులకు వచ్చే తల్లుల వెనక, గుమ్మంలో నిలబడి వినే పదిహేను, పదహారేళ్ల పిల్లలు మాత్రం మా కంటపడలేదు.

వాళ్లలో ఒకమ్మాయి తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. తల్లి తెల్లవారకముందే అపార్టుమెంట్లలో పనికి పోతుంది. తండ్రి అడ్డా కూలీ. ట్యాంకర్ వస్తే నీళ్లు పట్టడం, వంట, తమ్ముణ్ణి తయారుచేసి పంపడం అన్నీ ఆ పిల్లవే. రోజూ బడికి ఆలస్యం, రోజూ తిట్లు. చివరికి మానేసింది. మానేశాక పెళ్లి కుదిర్చారు. ఎందుకని అడిగితే తల్లి, "మేం పనికి పోతే ఇంట్ల ఒక్కతే ఉంటది మేడమ్. రేపు ఏమన్న అయితే ఎవరిది జిమ్మెదారి?" అంది.

1098కి ఫోన్ చేశాం. అధికారులు వచ్చి కాగితం రాయించుకున్నారు. పెళ్లి ఆగింది, గెలిచామనుకున్నాం. ఆ తర్వాత మాలో ఒక్కరమూ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆరు నెలలకు, ఊరికి తీసుకుపోయి పెళ్లి చేశారని తెలిసింది. తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక. కానీ ఆ తల్లి అడిగిన ప్రశ్నకు మేం జవాబు చెప్పనే లేదు కదా!

చట్టాలు కూడా చెప్పవు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే వర్తిస్తుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధించింది. 2006 చట్టం పద్దెనిమిది నిండేదాకా ఆడపిల్లకు పెళ్లి చేయొద్దంటుంది. సరే, మధ్యలో ఆ నాలుగేళ్లు పిల్ల ఎక్కడుండాలి? ఏం చేయాలి?

మగపిల్లల బాధ ఇంకో రకం. మెకానిక్ షెడ్డులోనో, ఫంక్షన్ హాల్లో వడ్డనకో పోయి రాత్రి పొద్దుపోయి వస్తారు. గల్లీ మలుపులో నలుగురు నిలబడితే పోలీసులకు అనుమానం. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లను లాకప్‌లో పెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఈ సంగతి బస్తీలో ఎంతమంది తల్లులకు తెలుసు?

ప్రభుత్వాన్ని నిలదీయాల్సిందే. పన్నెండో తరగతి దాకా చదువును హక్కుగా అడగాల్సిందే. అంతదాకా మన చేతిలో ఉన్న పనులైనా చేద్దాం. మా బస్తీలో ఇప్పుడు కమ్యూనిటీ హాలు తాళం సంఘం దగ్గరే ఉంటుంది. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా పిల్లలు అక్కడ చదువుకుంటారు, ఇద్దరు తల్లులు వంతులవారీగా కూర్చుంటారు. బడి ఉన్న రోజుల్లో ట్యాంకర్ దగ్గర ఆడపిల్లల బిందెలు ఇరుగుపొరుగు పట్టి పెడతారు. చిన్న పనే. కానీ బడి గంటకు ముందే పిల్ల ఇంట్లోంచి బయటపడుతోంది.

మానేసిన వాళ్లకు ఓపెన్ స్కూలు ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి చేరొచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితం కాబట్టి దూరమనే సాకు కొంత తగ్గింది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ కుర్చీల్లో మన బస్తీ స్త్రీలు కూర్చుని, మానేసిన పిల్లల పేర్లు చదివి, ఎందుకు రావడం లేదని అడగాలి.

మొన్న పండక్కి ఆ అమ్మాయి పుట్టింటికి వచ్చింది. ఈసారి నేనే వెళ్లాను. బాల్య వివాహం వద్దనుకుంటే మైనారిటీ తీరాక రెండేళ్ల దాకా కోర్టులో రద్దు కోరవచ్చని చెప్పాను. ఆ సంగతి మీద ఏమీ మాట్లాడలేదు. ఓపెన్ స్కూలు గురించి చెప్పినప్పుడు మాత్రం, "ఇప్పుడు కూడ రానిస్తరా అక్కా?" అని అడిగింది. ఫారం ఇచ్చి వచ్చాను. ఈ వారం మళ్లీ వెళ్లాలి. పెళ్లి ఆపిన మర్నాడే నేను వెళ్లి ఉండాల్సింది.